నాలుగు భుజాల బండ

"తాతా, నీ కాలు కుంటేది ఎట్ల వచ్చింది? అమ్మ పుట్టుకతోనే అంటాది, పెద్దమ్మ ఇంకొకటి సెప్తాది. నువ్వే నీ నోటితో సెప్పు. ఫోను ఆన్ చేసినా."

పెట్టినావా? ఈడ మాట్లాడితే దాంట్లోకి పోతాదా? సరే. రొవంత ఆ కిటికీ మూసెయ్ తల్లీ, ఆ ఆటోలోడు పాట ఆపేట్ల లేడు. ఆ, సాలు.

పుట్టుకతో అని ఎవురు సెప్పినారు నీకి? పుట్టినప్పుడు రెండు కాళ్ళూ బంగారం మాదిరి ఉండె. మా యమ్మ సెప్పేది, మంత్రసాని మూతి మీదనే తన్నినానంట. కుంటు వచ్చింది నాకి ముప్పై రెండేండ్లప్పుడు. కాదు, ముప్పై మూడు. మీ యమ్మ అప్పుడు ఇదే పుంగనూరులో, ఇదే ఇంట్లో, ఈ గడప పట్టుకుని పాకతా ఉండె. అప్పుడిది కొట్టం. ఈ మిద్దె మీ మామకు ఉద్యోగం వచ్చినాక కట్టింది.

నేను కుప్పం పక్క బండ మోసే పనికి పోతా ఉంటి. సోమారం పొద్దున్నే బస్సెక్కితే శనివారం మాపటాల వచ్చేది. కూలి దినానికి పన్నెండు రూపాయలు. పన్నెండంటే ఇప్పుడు నవ్వుతావు, ఆ పొద్దు పన్నెండు రూపాయలు ఎత్తుకుని సంతకు పోతే సంచి నిండా వచ్చేది. టమాటా అయితే అడిగేవాడే లేడు, ఆవులకు పోస్తా ఉండ్రి.

ఇప్పుడంటే క్రేన్లు వచ్చినాయి. అప్పుడు రాతి గనిలో బండను కోసి, లారీ దాకా మనుషులే మొయ్యాల. ఎట్ల మోస్తారంటే, బండకు ముందర ఒక మోకు, ఎనక ఒక మోకు కడతారు. ఆ మోకుల్లో అడ్డంగా కట్టెలు దూరుస్తారు. ముందు కట్టెకు ఈ కొనన ఒకడు, ఆ కొనన ఒకడు. ఎనక కూడా అంతే. నలుగురు. మధ్యలో బండ వేలాడతా వస్తాది. అర్థమాయనా? ఆ కట్టె నున్నగా ఉంటాది. ఇద్దరి భుజాలూ ఒకే ఎత్తు ఉంటేనే మోకు నడిమిన నిలబడేది. ఒకడు వేలెడు పొట్టి ఉన్నా మోకు జారుకుంటా వాడి పక్కకే పోతాది, బరువంతా వాడి మీదనే పడతాది. మెడ పోతాది, లేకుంటే నడుము పోతాది.

అందుకని పనిలో సేర్చుకునేటప్పుడు ఏమి కులం, ఏ దేవునికి మొక్కుతావు, ఇట్లాంటివేమీ అడిగేది లేదు. ఎత్తు సూస్తారు. మా జట్టుకు పెద్ద ఎంకటప్ప. నన్నూ మునెప్పనూ పక్కపక్కన నిలబెట్టి, మా భుజాల మీద సన్న కట్టె పెట్టి, కట్టె మీద నీళ్ళసెంబు పెట్టినాడు. సెంబు కదల్లేదు. "మీ యిద్దురూ ఒక తల్లి బిడ్డలు పోరా" అన్నాడు. నేను పొద్దున్నే "ప్రభువా" అని లేస్తాను, మునెప్ప "గంగమ్మా" అని లేస్తాడు. కట్టె కిందకు పోయినాక ఇద్దరిదీ ఒకటే ఊపిరి. ఎనక కట్టెకు ఎంకటప్పా, సిద్దప్పా. ఆ సిద్దప్ప నోరు మంచిది కాదు గానీ మనిషి మంచోడు.

"ఎంత దోపిడీ తాతా అది! మనుషుల్ని యంత్రాల మాదిరి..."

యంత్రమైతే గ్రీసు పెడతారు గదమ్మా. ఆగు, నీ మాటలు మీ కూలోళ్ళ సంగం మీటింగుకు దాపెట్టుకో. నేను సెప్పేది యినుకో ముందు.

వాన వచ్చి ఎలిసిన పొద్దు అది. లారీకి పలక ఆనించి బండ ఎక్కిస్తా ఉండాము. పలక తడిగా ఉండె. నా కాలు జారింది. మాలో ఒక కట్టుబాటు, ఎంకటప్ప "దించు" అనేదాకా ఎవురూ కట్టె ఇడిసిపెట్టకూడదు. నేను కింద పడినా తక్కిన ముగ్గురూ ఇడిసిపెట్టలేదు. ఇడిసిపెట్టి ఉంటే బండంతా నా మీదనే పడి ఈ పొద్దు నువ్వూ లేవు, నీ ఫోనూ లేదు. అంచు మాత్రం వచ్చి కుడికాలికి, ఇదో, ఈ మోకాటి కింద తగిలింది. మునెప్పకు భుజం తోలంతా లేసిపోయింది. అట్లనే పట్టుకుని నిలబడినాడు.

మదనపల్లిలో ఆసుపత్రికి తీసకపోయినారు. ఆడ మలయాళం డాక్టరు ఉండె, తెలుగు వచ్చీ రానట్ల మాట్లాడేది. మంచి సెయ్యి ఆయనది. ఎముక విరిగినాది గానీ సక్కగా కుదిరింది అన్నాడు. పిండికట్టు ఏసినారు, తొడ దాకా. నేను "నడుస్తానా సార్" అని అడగలేదు. "సార్, నా రెండు భుజాలూ మళ్ళా ఒక ఎత్తుకు వస్తాయా" అని అడిగినా. ఆయనకు అర్థం కాలేదు. నేను కట్టె కథంతా సెప్తే అప్పుడు ఎక్సురే ఫిలిం ఎలుతురుకు పెట్టి సూసి, "వస్తాయి. ఇప్పుడు సమంగా ఉంది. నువ్వు చెడగొట్టుకోకపోతే వస్తాయి" అన్నాడు. నాకి కావాల్సింది అదే. మునెప్ప పక్కన నా చోటు నాకి దొరికితే సాలు.

మూడు నెలలు కట్టు. మీ అవ్వ సారమ్మ నాకి పెట్టని తిండి లేదు. నల్లేరు తెచ్చి పచ్చడి నూరేది, దురద, నాలుక మీద పెడితే పొక్కినట్లుండేది. రాగిసంగటి, పొట్టేలి ఎముకల సారు. నేను తింటా ఉంటే ఎదురుగ్గా కూర్చుని సూసేది, ఎముక యాడిదాకా వచ్చిందో కనపడతాదన్నట్ల. కట్టు తీసినాక సూస్తే కాలు కాలు మాదిరి లేదు తల్లీ. కందికట్టె మాదిరి ఎండిపోయుండాది. ఒక కాలు నాది, ఇంగొకటి ఎవురిదో. నేను ఏడ్సినా.

డాక్టరు సెప్పినాడు, విరిగిన చోట ఎముక ఇప్పుడు పచ్చిగా ఉండాది, కొత్త గోడ మాదిరి, నిదానంగా బరువెయ్యాల అన్నాడు. సంకకర్రలు ఇచ్చినారు. "ఈ వారం కాలి మీద పది కేజీలు. వచ్చే వారం ఇరవై. అంతకు మించి వద్దు. తక్కువా వద్దు" అన్నాడు. బాగా గెట్టిగా సెప్పినాడు, రెండు తూర్లు. నేను రెండు తూర్లూ తల ఊపినా.

ఇప్పుడు యినుకో. ఇంటికొచ్చి నేనేం జేసినా?

మీ అవ్వను పిలిసి, రాగులు తూకమేయించుకుని రమ్మంటి. పది కేజీలు. అది అంగడికి పోయి తూచి, మళ్ళా అనుమానం వచ్చి ఇంగో అంగట్లో తూచి, పది మీద రొవంత ఎక్కువుండాదంటే ఒక పిడికెడు రాగులు తీసి కొంగులో కట్టుకుని వచ్చింది. డాక్టరు మించొద్దన్నాడు గదా. నేను సంకకర్రలు గోడకు ఆనిచ్చి, మూట నెత్తిన పెట్టుకుని, రెండు కాళ్ళ మీదా నడిసినా. ఈ గడప కాడ నుంచి బోరింగు దాకా, మళ్ళా గడప దాకా.

ఏం, అట్ల సూస్తాండావు? నవ్వు వస్తే నవ్వు. ఊరంతా నవ్వింది.

బరువంటే మాకి నెత్తి మీద పెట్టుకునేది తల్లీ. భుజం మీద ఏసుకునేది. పుట్టినప్పట్నుంచీ బరువంటే అదే. నా ఒళ్ళు కూడా ఒక బరువని, అది కూడా ఆ కాలి మీదనే పడతాదని నాకి ఎవురు సెప్పినారు? మా నాయనకు తెల్దు, వాళ్ళ నాయనకు తెల్దు. మోసేవాడు తన ఒళ్ళు లెక్కేసుకోడు. గనిలో లారీని తూకమేస్తారు, ముందు ఖాళీ లారీని తూస్తారు, తరువాత బండతో తూస్తారు, లారీది తీసేస్తారు. లారీకి దాని బరువు దానికుంటాదని నాకి తెలుసు. రోజూ సూస్తా ఉంటి. అయినా కూడా.

నొప్పి లేదా అంటే ఉండె. ప్రాణం పోయేంత ఉండె. కానీ మాకి నొప్పంటే పని జరగతాందని లెక్క. నొయ్యకుంటే కూలి ఎవురిస్తారు? పండ్లు కొరుక్కుని నడిసినా. మొదటి వారం గడిసిపోయింది. రెండో వారం ఇరవై కేజీలు, అదీ కచ్చితంగా తూచిందే. మూడో దినం బోరింగు కాడ, పచ్చికట్టె విరిగినట్ల సప్పుడు. నేను పడకముందే మీ అవ్వ ఇంట్లో నుంచి కేకేసింది. ఆ సప్పుడు దానికి కూడా ఇనపడిందంట.

మళ్ళా మదనపల్లి. డాక్టరు అడిగినాడు, ఏం జేసినావు అని. నేను ధైర్యంగానే సెప్పినా, "మీరు సెప్పిందే సేసినా సార్, ఒక పిడికెడు కూడా ఎక్కువ ఎయ్యలేదు" అని. మూట సంగతి ఇని ఆయన కుర్చీలో ఎనక్కి ఆనుకున్నాడు. ఆడ కసరత్తు సేయించే సిస్టరమ్మ ఒకామె ఉండె, లావుగా, గొంతు పెద్దది. ఆమె ఇద్దర్ని పిలిసి నన్ను పట్టుకుని తూకం మిషను మీద ఒంటికాలితో నిలబెట్టింది. ముల్లు యాభై రెండు కాడ నిలబడింది.

"ఇది ఏమిటి యోసేపూ?" అనింది.

"మిషను" అన్నా.

"ఇది నువ్వు. ఏమీ మొయ్యకుండా ఊరికే నిలబడితే నువ్వు యాభై రెండు కేజీలు."

నేను ఆ ముల్లునే సూస్తా ఉంటి. పద్నాలుగేండ్లప్పట్నుంచీ బండ మోస్తాండాను. బండెంతో అడుగు, సెప్తా. ఇసక ఎంత, సున్నపురాయి ఎంత, అన్నీ సెప్తా. నన్ను మాత్రం ఆ పొద్దుటిదాకా ఎవురూ తూచలేదు. నేనూ తూచుకోలేదు. దినాము రెండు బరువులు మోస్తా, ఒకదానికే లెక్క సెప్పుకుంటా ఉంటి. డాక్టరు తప్పు యాడుండాది దాంట్లో? ఆయన సరిగ్గానే సెప్పినాడు. ఇనిందీ నేను సరిగ్గానే ఇన్నా. ఏం సెప్పమంటావు.

నువ్వు రాసుకుంటాండావు. సరే, రాసుకో. నువ్వనే దోపిడీ మాట కూడా దాంట్లో ఉండొచ్చు, నేను కాదనను.

రెండో తూరి విరిగినప్పుడు కొన నలిగిపోయినాది. ఎంత సక్కదిద్దినా అంగుళం తగ్గతాదని డాక్టరు ముందే సెప్పేసినాడు. అయిదు నెలలు కట్టు. ఈసారి నాకి ఉల్టా బయం పట్టుకునింది. కట్టు తీసినాక కాలు నేలకు ఆనించను. ఎవురు సెప్పినా ఆనించను. గాజుబుడ్డి మాదిరి ఎత్తిపట్టుకుని కూసుంటి. సిస్టరమ్మ వచ్చి అరిసింది. "అప్పుడు ఎక్కువేసి విరగ్గొట్టుకున్నావు, ఇప్పుడు వెయ్యకుండా కరగ్గొట్టుకుంటావా? ఎముక రాయి కాదు యోసేపూ, ప్రాణముండేది. దానికి బరువు తగలాల. తగిలేకొద్దీ అది గట్టిపడతాది. నెలల తరబడి బరువు తగల్లేదంటే, నాతో పనేముందిలే అని సన్నగైపోతాది." నరాల సంగతీ సెప్పింది, ఎముకను ఎముకతో కట్టిపెట్టే నరాలు ఉంటాయంట కీళ్ళల్లో. ఎముకకు నెత్తురు బాగా అందతాది, బిరీన అతుక్కుంటాది. ఆ నరాలకు నెత్తురు తక్కువ, శానా నిదానం. సాగితే సాగినట్లే ఉంటాయి, ఏడాది పట్టినా పట్టొచ్చు, పోతే పోవచ్చు అనింది.

ఆ మిషను మీదనే నాకి నేర్పించింది. మంచి కాలు పక్కన పలక మీద, ఈ కాలు మిషను మీద, సంకకర్రలు పట్టుకుని మెల్లగా అదమాల. ముల్లు పది కాడికి వస్తే "ఇదీ పది" అనేది. తరువాత కండ్లు మూసుకుని అదమమనేది. నేను పది అనుకుంటే ముల్లు ముప్పై కాడ ఉండేది. "నీకి బరువే తెల్దు గదయ్యా!" అని నవ్వేది. బరువు మోసేవాన్ని పట్టుకుని బరువు తెల్దంటే ఎట్లుంటాది సెప్పు. కానీ నిజమే గదా. పదైదు దినాలు పట్టింది నాకి పది కేజీలు నేర్సుకునేదానికి.

ఏడాది దాటినాక సంకకర్రలు ఇచ్చేసినా. విరిగిన చోట తడిమితే గడ్డ కట్టినట్ల లావుగా ఉండాది, ఇదో, సెయ్యి పెట్టి సూడు. యాడ విరిగిందో ఆడనే అన్నిటికంటే గట్టిగా ఉండాది ఇప్పుడు. ఆ గడ్డను సూసుకుని నాకి తెగింపు వచ్చింది. అప్పటికి ఎంకటప్ప మనిషిని పంపించినాడు, నీ చోటు అట్లనే పెట్టినాము, వేరేవాణ్ణి పక్కాగా తీసుకోలేదు, వస్తావా రావా అని. మీ అవ్వ వద్దని ఏడ్సింది. నేను పోయినా.

మొదటి దినం కట్టె కిందకి దూరినాము. నేను భుజానికి గోనెపట్ట మడిసి పెట్టుకున్నా, అంగుళం మందాన. నిలబడితే సరిపాయె. "లేపు" అన్నాడు ఎంకటప్ప. లేపినాము, మోకు నడిమినే ఉండాది. నాకి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నాలుగు అడుగులు ఏసినామో లేదో మోకు నా పక్కకు జరగతాంది. నిలబడితే ఒకటే ఎత్తే, నడిస్తే కుడికాలు పడిన ప్రతిసారీ భుజం కుంగతాది గదా. ఒక్కో అడుక్కీ రొవంత రొవంత. ఇరవై అడుగులకు బండంతా నా మీదికి వచ్చేసింది. "దించు" అన్నాడు. సెప్పుకు టైరు ముక్క కట్టి సూసినా. రాతి మీద జారింది. సిద్దప్ప కూడా ఏమీ అనలేదు, అదే నాకి శానా బాదేసింది.

రెండో దినం సూడు, ఆశ్చర్యం! మోకు జారలేదు. పొద్దుట్నుంచి మాపటిదాకా నడిమిన కుట్టినట్ల నిలబడింది. మూడో దినమూ అంతే. నేను మనసులో పాటలు పాడుకుంటా ఉంటి. దేవుడు నా కాలు సక్కబరిసినాడు అనుకుంటి. సిద్దప్పకు మళ్ళా నోరు వచ్చింది, ఎనక నుంచి, "సూడు సూడు, ముందర పెండ్లి ఊరేగింపు పోతాంది, ఇద్దురూ ఒకటే తాళానికి ఊగతాండారు" అంటాడు. నేనూ నవ్వినా. తిరిగి సూడలేదు. కట్టె కింద ఉంటే పక్కకు తల తిప్పేదానికి కాదు గదా.

మూడో దినం పని అయినాక నీళ్ళతొట్టి కాడ కాళ్ళు కడుక్కుంటాండాము. మునెప్ప పంచె పైకి దోపుకుని రాతి మీద కూర్చున్నాడు. వాని కుడి మోకాలు సూసినా. కుండ మాదిరి వాచుండాది. తోలు మెరస్తాంది.

"ఏందిరా అది?" అన్నా.

"దోమ కుట్టింది" అన్నాడు.

"ఏం దోమరా అది, గనిలో కోసిన దోమనా?"

వాడు నవ్వి పంచె దించేసుకున్నాడు. అప్పుడు ఎంకటప్ప, ఆయన బీడీ ముట్టించుకుంటాండాడు, నా పక్కకు సూడకుండా సెప్పినాడు. "నీ కాలు బాగానే ఉండాది యోసేపూ. వాడు నీ అడుగు సూసుకుని కుంటతాండాడు. నీ భుజం కుంగినప్పుడల్లా వాడు మోకాలు వంచతాండాడు, మోకు నడిమినే ఉండల్లని. రెండు దినాలుగా."

రెండు దినాలు తల్లీ. మంచి కాళ్ళుండే మనిషి, అంత బండ కింద, పొద్దుట్నుంచి మాపటిదాకా కుంటినాడు. నాకి తెలీకుండా. ఒక్క మాట సెప్పకుండా. సిస్టరమ్మ సెప్పిన నరాలు ఉండాయి సూడు, అవి ఆ మోకాట్లో ఎంత సాగినాయో ఎవురికి తెలుసు. నా ఎముక విరిగి అతుక్కునింది, డాక్టరు ఉండాడు, మీ అవ్వ నల్లేరు ఉండాది. వానికి పెండ్లాం కూడా లేదు, పోయింది ముందరేడే. ఇద్దరు ఆడబిడ్డలు.

మరుసటి దినం అందరికంటే ముందే లేసి పోయి, రాతి కూసాలు సెక్కేవాళ్ళ కాడ కూర్చున్నా. సేన్లకు కంచె నాటుతారే, ఆ కూసాలు. కూర్చుని ఉలి కొట్టే పని, కూలి సగం. ఒక ముసిలాయన ఉలి ఇచ్చినాడు. కొడతా ఉంటే మునెప్ప వచ్చినాడు, నిలబడినాడు. ఆ కాలు ఎత్తెత్తి పెడతాండాడు.

"ఏమప్పా, రావా?" అన్నాడు.

"నా వల్ల కాదు మునెప్పా. కాలు శానా నొస్తాంది" అన్నా.

వాడు నా కాలి పక్క సూసినాడు. "సరే, నొస్తే వద్దులే" అని పోయినాడు. వాని పక్కకు వేరేవాడు వచ్చినాడు. పదైదు దినాలకు వాని వాపు తీసింది. ఆ తరువాత వాడు ఇంగా పదేండ్లు మోసినాడు.

ఆ పొద్దు నా కాలు రొవంత కూడా నొయ్యలేదు తల్లీ.

ఈ మాట మీ అవ్వకు కూడా సెప్పలేదు నేను. నీకే సెప్తాండా. రాసుకుంటావో, తుడిపేస్తావో నీ ఇష్టం.

ఏం, కండ్లు తుడుసుకుంటాండావు? లే, లేయ్. బస్సుకు టైమాయె. సంగటి ఉండాది, తినేసి పో, వట్టి కడుపుతో మీటింగులకు పోవద్దు. నీ మాటలు నాకి సగం అర్థం కావు గానీ తప్పని అనను, గట్టిగానే అరువు. పది మందిని ఎంటబెట్టుకుని నడిసేటప్పుడు మాత్రం, అప్పుడప్పుడు రొవంత తల తిప్పి సూడు, ఎవురన్నా నీ అడుక్కి అడుగేస్తా కుంటతాండారేమో. దేవుడు నీకి గట్టి ఎముకలు ఇచ్చినాడు. అట్లా సూసే కండ్లు కూడా ఇయ్యల్ల... ఇస్తాడులే. ఆ ఫోను ఆపెయ్ ఇంగ, ఆ సంగటిలోకి ఊరిబిండి పచ్చడి యాడ పెట్టిందో మీ యమ్మ, సూసి...